మూత తీయని రౌటర్

2020 మే నెల. లాక్‌డౌన్ సడలించి దిల్‌సుఖ్‌నగర్‌లో షట్టర్లు సగం సగం లేస్తున్న రోజులు. నా షాపు ఒక కాంప్లెక్స్ సెల్లార్‌లో. పేరు హైటెక్, ఉండేది లోతులో. అప్పటికి ఈ పనిలో పద్దెనిమిదేళ్లు. నెట్‌వర్క్ అంటే నా వరకు నెట్టుకొచ్చే వర్కే.

ఒక మధ్యాహ్నం ఎల్‌బీనగర్ నుంచి పద్మజ గారు రౌటర్ పట్టుకుని వచ్చారు. ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పే లెక్చరర్; ఉన్న ఉద్యోగం పోయింది. మర్నాడు పదింటికి ఒక కోచింగ్ సంస్థకు ఆన్‌లైన్‌లో డెమో క్లాసు చెప్పాలి, నచ్చితేనే ఉద్యోగం. వాళ్లింట్లో ఫోన్ సిగ్నల్ మాటలకే సరిపోతుంది, వీడియోకు చాలదు. కొత్త రౌటర్ ఇద్దామంటే మా వీధిలో ఎవరి దగ్గరా స్టాకు లేదు.

దాన్ని చూడగానే గుర్తుపట్టాను. జనవరిలో అది చచ్చిపోయిందని చెప్పింది నేనే. రౌటర్ కూడా చిన్న కంప్యూటరే. దాన్ని నడిపే లైనక్స్ లోపలి ఫ్లాష్ మెమరీలో ఉంటుంది. కరెంటు ఇవ్వగానే అక్కడి నుంచి లేస్తుంది. ఆ లేవడమే బూట్. మెమరీ పాడైందని నేను మరణ ధ్రువీకరణ ఇచ్చేశాను. ఆవిడ ఎల్‌బీనగర్‌లో యాదగిరికి చూపించారు. యాదగిరీ నేనూ ఒకే చోట పని నేర్చుకున్నాం. మెమరీలో బూట్‌లోడర్ అనే మొదటి ముక్క ఇంకా బతికుందని వాడు గమనించాడు. వెనక యూఎస్‌బీకి పెన్‌డ్రైవ్ తగిలించి, లైనక్స్ అందులోంచి లేచేటట్టు చేశాడు. ఇప్పుడు వాడు నల్గొండ అవతల సొంతూళ్లో చిక్కుకుపోయాడు.

"యాదగిరి గారైతే నిమిషంలో చేసేద్దురండీ," అన్నారు పద్మజ గారు.

"నేను గూడ చేస్తనమ్మా. జర కూసోండి."

ఊరందరి రౌటర్లకూ ఫైర్‌వాల్ పెట్టాను గాని నా కడుపుమంటకు పెట్టుకోలేకపోయాను.

బూట్ ఎక్కడ ఆగుతోందో ల్యాప్‌టాప్‌లో చూడటానికి లోపలి బోర్డుకు అతికించే సీరియల్ వైర్లు కావాలి. యాదగిరి వాటిని పక్క రంధ్రంలోంచి ముందే బయటికి లాగి ఉంచాడు. వంక పెట్టడానికి పది నిమిషాలు వెతికాను, దొరకలేదు. ల్యాప్‌టాప్ తగిలిస్తే సంగతి తెలిసింది. పెన్‌డ్రైవ్ ఖాళీ.

"దీన్ని ఎవరన్న తీసిండ్రా?"

ఆవిడ అత్తగారికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టారు.

"భజనలున్నాయేమోనని టీవీకి పెట్టానమ్మా," అన్నారు పెద్దావిడ. "అది ఇంగ్లీషులో ఏదో అడిగింది. అంత మర్యాదగా అడిగాక కాదనడం ఎందుకని ఓకే నొక్కాను."

అడిగింది ఫార్మాట్ చేయనా అని.

అప్పుడే యాదగిరికి ఫోన్ చేయాల్సింది. చేయలేదు. ఆ మోడల్‌కు సరిపోయే లైనక్స్‌ను నేనే వెతికి, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను. బూట్ మొదలై సగంలో ఆగింది. ఇంకోటి ఎక్కించాను. అదీ అక్కడే ఆగింది.

"అవుతుందాండీ?"

"అయితదమ్మా."

అలా నాలుగు గంటలు. షట్టర్ దించే వేళ దగ్గరపడింది. ఆవిడ లేచి నిలబడ్డారు.

"మీవల్ల కాకపోతే కాదని చెప్పండి. మీ పట్టుదలకి నా ఉద్యోగం పోకూడదు కదా."

ఫోన్ తీశాను.

"ఏంరా, బతికే ఉన్నవా?" అన్నాడు యాదగిరి.

"నేనున్న. నువ్వు లేపిన పద్మజమ్మ డబ్బానే మల్ల పడుకున్నది. పెన్‌డ్రైవ్ ఫార్మాట్ అయింది."

"మూత తియ్యి."

"ఎందుకు?"

"తియ్యిరా బై."

అన్ని గంటల్లో నేను మూత ఒక్కసారీ తీయలేదు. వైర్లు బయటే ఉన్నాయి కదా, అవసరం లేదనుకున్నాను. అసలు సంగతి, వాడి పనితనం ఇంకా చూడాల్సి వస్తుందని భయం. తీస్తే, మూతకు లోపల టేపుతో అంటించిన రెండో పెన్‌డ్రైవ్ ఉంది. మీద చిన్న కాగితం: 'మొదటిది పోతే ఇది.'

"ఇంట్ల పెద్దమ్మ ఉన్నదిగదరా," అన్నాడు. "ఎప్పుడో అప్పుడు టీవీకి పెడ్తదని నాకెర్కే."

అది తగిలించిన రెండు నిమిషాల్లో రౌటర్ లైట్లన్నీ వెలిగాయి. నా మొహం తప్ప.

నాలుగు రోజులకు పద్మజ గారు ఫోన్ చేశారు. "ఉద్యోగం వచ్చిందండీ. ముందు యాదగిరి గారికి చెప్పాను, తర్వాత మీకే."

నేను రిపేరు చేసేది యంత్రాన్నే అయినా, లోపల నాకంటే ముందు పనిచేసిన మనిషి ఒకడుంటాడు. వాడితో మాట్లాడనని భీష్మించుకుంటే నష్టపోయేది బల్లకు అవతల కూర్చున్నవాళ్లు. ఇప్పుడు ఏ రౌటర్ వచ్చినా మొదట మూత తీస్తాను. లోపల పని బాగుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. మండనిచ్చి, చేసినవాడి నంబరు కనుక్కుంటాను.