బాసి అన్నందుకు

భిలాయిలో కోహ్కా రోడ్డు మీద అప్పయమ్మ పాకలో అమ్మే పుల్లనీళ్ళకు స్టీలు ప్లాంటు సెక్టర్ల జనం పెట్టిన పేరు ‘రష్యా నీళ్ళు’. ఎండాకాలం డ్యూటీ దిగినవాళ్ళు సైకిళ్ళు బారుగా ఆపి మరీ తాగేవారు. ప్లాంటు కట్టడానికొచ్చిన రష్యా ఇంజనీర్లు తమ ఊరి పానీయం ఆవిడకు నేర్పిపోయారని ఒకడంటే, నేను కళ్ళారా చూశానని పక్కవాడు సాక్ష్యం. బొంకరా బొంకరా పోలిగా అంటే టంగుటూరి మిరియాలు తాటికాయలంత అన్నాట్ట వెనకటికి. ఎవరో రష్యా ఆయన ఒకసారి జీపు ఆపి తాగి, మా ఊళ్ళోనూ ఇలాంటిదుందన్నాడు. అంతే. నేర్పిందీ లేదు, పెట్టిందీ లేదు. ఆ నీళ్ళ వెనక ఉన్నది నెత్తురు. అదెవరికీ అక్కర్లేదు కాబట్టి నేను చెబుతాను.

అప్పయమ్మది పాలకొండ పక్క పల్లె. నోటికంటే చెయ్యి ముందు లేచే మనిషి. పెళ్ళైన కొత్తలో మొగుడు జగ్గయ్య తాగొచ్చి ఒక్కటిచ్చాడు. ఆవిడ రోకలి అందుకుంది. మర్నాడు మూతి వాచి పనిలోకి పోయి, గుమ్మం తగిలిందని చెప్పుకున్నాడు పాపం. మళ్ళీ చెయ్యెత్తితే ఒట్టు. యాభై ఎనిమిదిలో, భిలాయిలో ప్లాంటు లేస్తోందని కలాసీ పనికి అతను రైలెక్కితే, వెంట అప్పయమ్మ, ఆవిడ ఒళ్ళో తరవాణి కుండ.

తరవాణి ఎరగనివాళ్ళకు ఒక ముక్క. బియ్యం కడుగునీళ్ళూ గంజీ కుండలో పోసి పులియబెడతారు. రోజూ కొంత తీస్తారు, కొంత పోస్తారు, అడుగు మాత్రం ఎన్నడూ ఖాళీ చెయ్యరు. అడుగున మిగిలిన ఆ పులుపే మర్నాటి నీళ్ళను పులియబెడుతుంది. అప్పయమ్మ కుండలో పులుపు వాళ్ళ అమ్మమ్మ నాటిది. పుట్టిన బిడ్డలిద్దరూ పురిట్లోనే పోయారు ఆవిడకు. పుట్టింటివాళ్ళూ ఎవరూ మిగల్లేదు. ఆ కుండ పగిలితే ఇక నా అన్నది ఏదీ లేదు. అందుకే దాని జోలికి ఎవరొచ్చినా శివమెత్తిపోయేది.

రోడ్డు వార పాక వేసి, తరవాణిలో ఉల్లి, పచ్చిమిర్చి, ఉప్పు, వామాకు నలిపి అమ్మకం పెట్టింది. ఎండలో కలాసీలు ఎగబడ్డారు. ఎదుటి టీ హోటలు పహిల్వాన్‌కి కడుపు మండిపోయింది. మధ్యాహ్నం పూట టీ తాగేవాడు లేడు మరి. రోడ్డు మధ్య నిలబడి రోజూ ఒకటే కేక: "బాసీ పానీ హై భయ్యా! బాసీ! మత్ పియో!" హిందీ రాని అప్పయమ్మ, పొగుడుతున్నాడనుకుంది పిచ్చితల్లి. సాయంత్రం మొగుణ్ణి అడిగింది.

"పొగడ్డవేటే!" అన్నాడు జగ్గయ్య. "పాసిపోయిన నీళ్ళు, తాగొద్దంతన్నాడు ఆడు."

మర్నాడు పహిల్వాన్ కేక పూర్తి కాకుండానే వెళ్ళి చెంప పగలగొట్టింది. అతను ఆవిడ జుట్టు పట్టి రోడ్డంతా ఈడ్చాడు. కడుపులో తన్నాడు. ఎడంచెయ్యి వెనక్కి మెలిపెట్టి, "ఔర్ మారేగీ?", ఇంకా కొడతావా అని అడుగుతుండగానే ఆవిడ చిటికెనవేలు ఫట్‌మంది. ఆవిడ తల తిప్పి అతని చెవి కొరికి పట్టుకుంది. జనం లాగుతున్నా వదల్లేదు. చివరికి చెవి తమ్మె ఆవిడ నోట్లోనే ఉండిపోయింది. దాన్ని తుపుక్కున ఊసి, నెత్తురు మూతితో అరిచింది.

"ఇంక నా కుండ కాడ ఆ మాటన్నోడి బుర్ర బద్దలుకొడతాను! కోటదుర్గమ్మ మీదొట్టు!"

పహిల్వాన్ మళ్ళీ నోరెత్తలేదు. చెవికి గుడ్డ కట్టుకుని తన టీ తాను కాచుకున్నాడు. అప్పయమ్మ చెవిలో మాత్రం ఆ మాట జోరీగలా ఉండిపోయింది. ఇనప గరిటె చేతిలోంచి దించేది కాదు.

ఒక వైశాఖమాసపు మధ్యాహ్నం బిసాహు వచ్చాడు. కోహ్కా ఊరివాడే, పాతికేళ్ళ ఇటుకల కూలీ. నాలుక పిడచకట్టుకుపోయి ఉన్నాడు. ఆవిడ కుండ మూత తీసింది. ఆ పుల్లవాసన తగిలేసరికి అతని మొహం చేటంతైంది. రెండు చేతులూ చాపి, "అరే, ఏ తో బాసీ ఆయ్! బాసీ!" అన్నాడు.

గరిటె ఎప్పుడు లేచిందో ఆవిడకే తెలీదు. మొదటి దెబ్బ కణత మీద, రెండోది కంటి మీద. మూడోది వెయ్యడానికి అతను నిలబడి లేడు. దుమ్ములో పడి మొహం కప్పుకుని మెలికలు తిరుగుతున్నాడు, వేళ్ళ సందుల్లోంచి నెత్తురు కారుతోంది.

కోహ్కావాళ్ళు కర్రలతో వచ్చారు. రారా మరి! అప్పుడే డ్యూటీ దిగి వస్తున్న జగ్గయ్య సైకిలు పారేసి, "మారో మత్ భయ్యా!" అంటూ అడ్డుపడ్డాడు. ఒక్క దెబ్బకు భుజం ఎముక విరిగి కూలబడ్డాడు. అప్పయమ్మ కుండను కావలించుకుని బోర్లా పడుకుంది. వీపు మీద కర్రలు దబదబా పడుతున్నాయి.

"నన్ను సంపీయండ్రా! కుండ జోలికి రాకండి!"

కాళ్ళు పట్టి ఆవిణ్ణి పక్కకు ఈడ్చేశారు. కుండ ఒక్క దెబ్బకు పెంకులైంది. అమ్మమ్మ నాటి పులుపు దుమ్ములో ఇంకిపోయింది. ఆవిడ పాక్కుంటూ వెళ్ళి తడిమట్టి దోసిళ్ళతో ఎత్తి కొంగులో పోసుకుంటూ ఏడ్చింది.

"ఏటన్నాడే ఆడు?" నేలమీంచే అడిగాడు జగ్గయ్య.

"బాసి అన్నాడు."

"ఓసి నీ సేతులిరగా! ఈళ్ళ బాసలో అది తిట్టు కాదే! ఈళ్ళింట్లో పొద్దున్నే తినీ కూడే బాసి అంటే. మన తరవాణి కూడే! తనింటి కూడని మురిసిపోనాడే ఆ గుంటడు!"

కొంగు జారి మట్టంతా నేల రాలింది. అప్పయమ్మ బిసాహు వైపు చూసింది. అన్నాళ్ళూ ఎవర్ని కొట్టినా కొట్టవలసినవాణ్ణే కొట్టానన్న ధీమా ఆవిడది. "ఒలమ్మో, నానేటి సేసీసినాను!" అని గుండెలు బాదుకుంది.

బిసాహు కుడికన్ను పోయింది. ఊరివాళ్ళు పోలీసులంటే అతని తల్లి వద్దంది. తలమీద కుండ పెట్టుకుని తనే పాకకు వచ్చింది. కుండ దించి, అప్పయమ్మను ఈ చెంపా ఆ చెంపా వాయించింది. జన్మలో మొదటిసారి అప్పయమ్మ తిరిగి చెయ్యెత్తలేదు. ముసలమ్మ ఒగర్చుకుంటూ తన భాషలో అన్నదాన్ని, కట్టు కట్టుకున్న జగ్గయ్య తెలుగులో చెప్పాడు. ఒంటికన్నువాణ్ణి పనిలోకి ఎవరు పిలుస్తారు? నువ్వు జైలుకు పోతే వాడి కూడెవరు పెడతారు? ఇదిగో నా ఇంటి బాసి. వాణ్ణి నీ పాకలో కూర్చోబెట్టుకుని బతికించు.

ఆ పులుపే కొత్తకుండలో పడింది. సెక్టర్లన్నీ లొట్టలేసుకుంటూ తాగిన రష్యా నీళ్ళు అవే. రష్యావీ కావు, పాలకొండవీ కావు, కోహ్కా ముసలమ్మ వంటింటివి.

బిసాహు పాకలో కూర్చున్నాడు. బంగారంలాంటి మనిషి. కొన్నాళ్ళకే ఆవిణ్ణి దీదీ అని పిలిచాడు, పగ అన్నది పెట్టుకోలేదు. కానీ నీళ్ళు పొయ్యడానికి ఆవిడ గరిటె ఎత్తిందంటే చాలు, అతని రెండు చేతులూ ఠక్కున మిగిలిన కంటి మీదికి పోయేవి. నవ్వుతూ కబుర్లు చెబుతూ కూడా కప్పుకునేవాడు. కప్పుకుంటున్నట్టు అతనికే తెలీదు. ఆవిడ చూసి చూసి, ఒకనాడు గరిటెను పాత ఇనప సామాన్లవాడికి పారేసింది. ఎండిన సొరబుర్రతో ముంచి పొయ్యడం మొదలుపెట్టింది.

ఇనుము తగిలితే పులుపు చెడుతుంది కాబోలనుకున్నారు తాగేవాళ్ళు. కొందరు ఇళ్ళల్లో కూడా గరిటె మానేశారు. అరవై ఎనిమిది ఎండల్లో సెక్టర్ ఆరు నుంచి వచ్చిన పార్వతమ్మ గారు అడగనే అడిగింది, గరిటె ఎందుకు వాడవే అప్పయమ్మా అని.

అప్పయమ్మ వెనక్కి తిరిగి, మూల కూర్చుని ఉల్లిపాయలు ఒలుస్తున్న బిసాహును చూసింది.

"ఆడు జడుసుకుంతాడమ్మా," అంది.