వెనక లేని కవచం

చెంగల్రాయుడికి కోపమొస్తే కత్తెర కనబడదు. కళ్ళెదురుగానే ఉంటుంది, అయినా కనబడదు. ఆ గురువారం సాయంత్రం కూడా అంతే. బల్ల మీది గుడ్డపీలికలన్నీ ఎగరేసి, ట్రంకుపెట్టెలు తెరిచి మూసి, భార్య మునిరత్నమ్మను నాలుగు మాటలని, తీరా చూసుకుంటే కత్తెర తన ఎడమ చేతిలోనే ఉంది. మునిరత్నమ్మ కింద పడ్డ పీలికలు ఏరుకుంది. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆమెకిది అలవాటైపోయింది.

కోపం రాక ఏమవుతుంది? ఎల్లుండే ఆగస్టు పదిహేను, నెత్తి మీదికొచ్చింది. తిరుపతి పాతవీధిలో ఉన్న అతని అద్దె వేషాల కొట్టుకు ఏడాది మొత్తంలో ఇంత రద్దీ మరెప్పుడూ ఉండదు. ప్రతి బడిలోనూ పిల్లలకు వేషాల పోటీ. భరతమాతలూ, ఝాన్సీరాణులూ, పులులూ, నెమళ్ళూ అన్నీ ఈ గుమ్మంలోంచే నడిచివెళ్ళాలి. గాంధీతాత కళ్ళజోళ్ళు ఏ ఏడాదీ చాలవు. పోయిన ఏడు తీసుకెళ్ళిన ఝాన్సీరాణి కత్తి ఇంతవరకూ తిరిగిరాలేదు. అడిగితే పిల్లాడు విరిచేశాడంటారు, విరిగిన ముక్కలైనా ఇవ్వండమ్మా అంటే మొహం ముడుచుకుంటారు.

సరిగ్గా ఈ గోలలో కూతురు అమల గుమ్మంలోకొచ్చి నిలబడి, తనకొక వేషం కావాలంది.

అమల ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతోంది. ఖాళీ దొరికితే కంప్యూటర్లో ఏవో ఆటలాడుతుంది. ఆదివారం చెన్నైలో అలాంటి ఆటగాళ్ళందరూ కలిసే పెద్ద పండగ ఒకటుందట. ఆటల్లోని మనుషుల్లాగా వేషాలేసుకుని పోతారట. స్నేహితురాళ్ళతో కలిసి శనివారం మధ్యాహ్నం బస్సెక్కాలి. పాపం, పిల్ల ముందుచూపు లేనిదేమీ కాదు. నెల కిందటే ఆన్‌లైన్లో డ్రెస్సు తెప్పించుకుంది. ఆ పార్సిలు ఆరోజే వచ్చింది. విప్పి చూస్తే అందులో కవచం లేదు, కవచం బొమ్మ అచ్చేసిన పల్చటి నైటీ ఉంది. ఇంట్లో వేసుకోవడానికి బాగానే ఉండాదిలే అని మునిరత్నమ్మ ఊరడించబోతే, అమల మొహం ఇంకా చిన్నబోయింది.

"నువ్వు చేస్తావా నాయనా?" అంది అమల. అని, అతను నోరు తెరిచేలోగా తనే, "కుదరకపోతే పర్లేదులే," అంది.

ఆ పర్లేదులే అన్న మాట చెంగల్రాయుడి గుండెలో ముల్లులా దిగింది. ఎందుకంటే, ఊరందరి పిల్లలకూ వేషాలేసిన మనిషి సొంత కూతురికి ఒక్కసారంటే ఒక్కసారి కూడా వేషం వేయలేదు. వేయకూడదని కాదు. బడిలో పోటీ ఉన్న రోజే కొట్టులో ఉన్నవన్నీ అద్దెకు పోయేవి. రెండో తరగతిలో పిల్ల నెమలి వేషం అడిగింది. వేస్తానన్నాడు. తెల్లారేసరికి ఎవరో వచ్చి బతిమాలితే ఇచ్చి పంపేశాడు. పిల్ల యూనిఫాం వేసుకుని బడికి పోతూ పర్లేదులే నాయనా అంది. ఆ మరుసటి ఏడూ అదే మాట. తర్వాత అడగడమే మానేసింది. ఇన్నేళ్ళకు మళ్ళీ ఇప్పుడు నోరు తెరిచి అడిగింది. ఈసారి కూడా ఊరికే పంపితే ఇక జన్మలో అడగదని చెంగల్రాయుడికి తెలుసు.

"బొమ్మ సూపీ," అన్నాడు.

ఫోన్లో ఒక ఆడమనిషి విల్లు పట్టుకుని నిలబడి ఉంది. అడవికి కాపలా కాసే వీరనారి అట. పేరు చెప్పింది కానీ అది అతని నోటికి తిరగలేదు. అడవిపిల్ల అనుకున్నాడు. రొమ్ము మీద తోలు కవచం, భుజాల మీద ఆకుల్లాంటి రేకులు, నడుముకు పటకా, మోచేతుల దాకా కడియాలు. చూస్తుంటే అతనికి కొంత ధైర్యమొచ్చింది. భుజకీర్తులు చేసిన చేతికి ఇదొక లెక్కా అనుకున్నాడు.

ఆ చెయ్యి మామూలు చెయ్యి కాదు. అతని నాయన తిరుమలయ్య చిత్తూరు, పుత్తూరు, కార్వేటినగరం పక్క ఎక్కడ వీధినాటకంగా భారతం ఆడినా వేషాల పెట్టెతో పోయేవాడు. ఎండాకాలం వస్తే ఇంట్లో ఉండేవాడే కాదు. చెంగల్రాయుడు మీసాలు రాకముందే ఆ పెట్టె మోశాడు. కిరీటాలు చేయడం, అద్దాలు అంటించడం, దుర్యోధనుడి భుజకీర్తులు ఊడిపోకుండా నాడాలు బిగించడం అన్నీ అక్కడే నేర్చుకున్నాడు. తర్వాత ఆటలు తగ్గాయి, నాయన పోయాడు, పెట్టె వచ్చి ఈ కొట్టులో కూర్చుంది. ఇప్పుడు దుర్యోధనుడి గద పట్టుకుని ఎల్‌కేజీ పిల్లలు హనుమంతుడి వేషాలేస్తున్నారు. తలుచుకుంటే అతనికి ఒళ్ళు మండుతుంది, కానీ ఇల్లు గడుస్తున్నది ఆ ఎల్‌కేజీ పిల్లల వల్లే.

శుక్రవారం పొద్దున్నే మొదలుపెట్టాడు. మొదలుపెట్టడమే తంటా. తోలుకు బదులు ఆటో సీట్లకు వేసే రెక్సిన్ సరిపోతుందని అంగడికి పోతే, మట్టిరంగు లేదు, ఎర్రది ఉంది తీసుకుపో అన్నారు. వేరే అంగడికి పోతే తాళం. మూడో చోట దొరికింది. తెచ్చి అట్ట మీద అంటిస్తే ముసురుకు బంక ఆరదు. ఫ్యాను కింద పెడదామంటే కరెంటు పోయింది. మధ్యలో జనం. భరతమాత కిరీటం వదులుగా ఉందని ఒకామె, పులి తోక పొట్టిగా ఉందని ఇంకొకాయన. పులి తోక ఎంతుండాలో నాకు తెలియదా అని చెంగల్రాయుడు అరిచాడు. ఆయన తోక తీసుకుని గమ్మున వెళ్ళిపోయాడు.

అమలతో ఇంకో పేచీ. అతను రేకుల అంచులకు అలవాటుగా చెమ్కీ కుట్టబోయాడు. వద్దంది. అద్దాలు అంటిస్తానన్నాడు. వద్దంది. రంగు మెరవకూడదట, మాసినట్టుండాలట. కవచం మీద అక్కడక్కడ గీతలు కూడా పడాలట. కొత్తదాన్ని పాతదిగా చేయమనేవాళ్ళను ఇంతవరకూ చూడలేదని గొణుక్కుంటూనే, ఉప్పుకాగితం తీసుకుని రుద్దాడు. కొత్త రెక్సిన్ మీద గీత పడ్డప్పుడల్లా కళ్ళు మూసుకున్నాడు. అయినా రుద్దాడు.

పొద్దు వాలకముందే అయిపోయింది. నిజం చెప్పాలంటే బ్రహ్మాండంగా వచ్చింది. అమల వేసుకుని నిలువుటద్దం ముందు నిలబడగానే మునిరత్నమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, కూతురికి మెటికలు విరిచి దిష్టి తీసింది. ఫోన్లో అడవిపిల్లకూ అద్దంలో అమలకూ తేడా లేదు. అమల నవ్వింది. చెంగల్రాయుడు కూడా నవ్వబోయాడు. అప్పుడు అమల వెనక్కి తిరిగి, మెడ తిప్పి అద్దంలోకి చూసుకుంది.

వెనక ఏమీ లేదు. ఉన్నదల్లా నాలుగు తెల్లనాడాలు, ముడులు, వరసగా సేఫ్టీ పిన్నులు. భుజాల రేకులు ముందువైపు ఎంత సొగసుగా ఉన్నాయో వెనకవైపు అంత బోడిగా ఉన్నాయి. అట్ట మీద ఏదో బిస్కెట్ కంపెనీ పేరు కూడా కనబడుతోంది.

అమల మొహంలో నవ్వు పోయింది. ఏమైందని అడిగాడు చెంగల్రాయుడు. అతనికి నిజంగానే అర్థం కాలేదు. అతను చేసిన వేషం దేనికీ వెనక ఉండదు. ధర్మరాజు కిరీటమైనా సగమే, వెనక తాడు. భారతం ఆటలో వేషగాడి వెనక తెర ఉంటుంది, జనం ముందు కూర్చుంటారు. వెనక చూసేది దేవుడొక్కడే, ఆయనకు ఇది వేషమని తెలుసులే అనేవాడు తిరుమలయ్య. ఆ లెక్కలోనే చెంగల్రాయుడు బతికాడు. బొమ్మ చూపించమన్నాడే గానీ, వెనక ఎట్లుంటుందని అడగాలన్న ఆలోచనే అతనికి రాలేదు.

అమల ఫోను తీసి ఆ ఆట వీడియో పెట్టింది. అడవిపిల్ల అడవిలో పరిగెత్తుతోంది. ఆమె వెనకాలే మనం పరిగెత్తుతున్నట్టుంది. ఎంతసేపు చూసినా మొహం కనబడలేదు. కనబడేదల్లా వీపే. ఆ వీపు మీద భుజాల నుంచి పిక్కల దాకా పచ్చటి ఈకల దుప్పటి. దూకినప్పుడల్లా అది విచ్చుకుంటోంది.

"ఈమె ముకం ఎవురూ సూడరు నాయనా," అంది అమల. "ఆడేవోళ్ళకి ఎప్పుడూ ఈపే కనపడతాది."

చెంగల్రాయుడికి తిక్క నషాళానికెక్కింది. మొహం కనబడని వేషం ఏం వేషం, వీపు చూసుకుంటూ కూర్చునే ఆట ఏం ఆట, ఈ ముక్క ముందే చెప్పి చావొచ్చు కదా అని కేకలేశాడు. నీకు తెలుసనుకున్నాను అంది అమల. నాకెట్లా తెలుస్తుందని మళ్ళీ కేకలేశాడు. కోపమంతా కూతురి మీద కాదు, తన మీద. అది తెలిసి ఇంకా గట్టిగా అరిచాడు.

అమల ఒక్కొక్క నాడా విప్పి, కవచం బల్ల మీద జాగ్రత్తగా పెట్టింది. మామూలు బట్టల్లో పోయి చూసొస్తానంది. "పర్లేదులే నాయనా," అని లోపలికి పోయింది.

చెంగల్రాయుడు కొట్టులో ఒక్కడే కూర్చున్నాడు. పచ్చటి ఈకలకు సరిపడే గుడ్డ ఇప్పుడు ఎక్కడ దొరుకుతుంది? దొరికినా, ఈకలు కత్తిరించి, ఒక్కోదానికి తీగ కుట్టి, విచ్చుకునేలా అమర్చాలంటే పదిరోజుల పని. అంత పని ముందే చేసిపెట్టిన వస్తువు ఆ కొట్టులో ఒక్కటే ఉంది. గోడకు వేలాడుతున్న నెమలి వేషం, నేల జీరాడే పింఛంతో. దాని మీద చీటీ కూడా అంటించి ఉంది. పద్మావతమ్మ గుడి దగ్గర పూలు కట్టే లోకేశ్వరి తన మనవరాలి కోసం ఎప్పుడో మాట తీసుకుని పోయింది. పొద్దున్నే వస్తుంది.

చాలాసేపు దాన్ని చూశాడు. ఇచ్చిన మాట తప్పిన మనిషి కాదు. ఇన్నేళ్ళూ బయటివాళ్ళకిచ్చిన మాట నిలబెట్టుకుంటూ, ఇంట్లో ఇచ్చిన మాటే తప్పుతూ వచ్చాడు. ఆ సంగతి ఇప్పుడు కొత్తగా తెలిసిందేమీ కాదు. తెలిసే చేశాడు. కత్తెర కోసం చూస్తే, ఆశ్చర్యం, బల్ల మీదే కనబడింది. లేచి పింఛాన్ని గోడ మీంచి దించి, నడుముకు కట్టే పట్టీని కత్తిరించాడు.

తెల్లారింది. లోకేశ్వరి మనవరాల్ని ఎత్తుకుని రానే వచ్చింది. బల్ల మీద పడి ఉన్న పింఛం చూసి ఆమె చంకలోని పిల్లను కిందికి దించింది. నోరు తెరిచాక ఇక ఆగలేదు. పిల్ల వారం నుంచి నెమలి నెమలి అని కలవరిస్తోందని, జెండా ఎగరేసే వేళ అయిందని, ఇప్పుడు తనేం చేయాలని, రాయుడన్న మాటంటే రాతి మీద గీత అనుకున్నానని తిట్టిపోసింది. చెంగల్రాయుడు తలవంచుకుని పడ్డాడు. తిట్టించుకోవాల్సిందే. ఆమె తప్పేముంది?

"తప్పు నాదేమ్మా. ఈతూరికి నా కూతురికి ఇచ్చుకున్నా," అన్నాడు.

లోకేశ్వరి ఏమనుకుందో, గొంతు కొంచెం తగ్గించింది. కోపం మాత్రం తగ్గించలేదు. కొట్టులో ఇంక మిగిలింది మామిడిపండు వేషం ఒక్కటే. బొద్దుగా, పసుప్పచ్చగా, నెత్తిన తొడిమతో ఉంటుంది. పిల్ల దాన్ని అనుమానంగా చూసింది. తొడిమ నెత్తిన పెట్టగానే చేత్తో తడుముకుని, మళ్ళీ తీయనివ్వలేదు. లోకేశ్వరి పిల్లను లాక్కుపోతుంటే చెంగల్రాయుడి కన్ను పిల్ల వీపు మీద పడింది. మామిడిపండు వెనకంతా బోడి అట్ట, నాడాలు.

ఆగమన్నాడు. ఆలస్యమవుతోందని ఆమె మొత్తుకుంటున్నా వినకుండా, మోకాళ్ళ మీద కూర్చుని, మిగిలిన పసుపు గుడ్డ వెనకంతా అంటించి, ఒక ఆకు కుట్టి పంపాడు.

మధ్యాహ్నం అమల బయల్దేరింది. కవచం సంచిలో పట్టింది కానీ, తీగలున్న ఈకల దుప్పటి మడత పడదు. సంచిలో కుక్కితే వంగిపోతుంది. చేత్తో పట్టుకుంటే బస్సులో విరిగిపోతుంది. ఇదేం ఖర్మ అని చెంగల్రాయుడు మళ్ళీ మొదలుపెట్టాడు. చివరికి అమల చుడీదారు మీదే దాన్ని భుజాలకు తగిలించుకుంది. రాత్రి నుంచి పిల్ల అతనితో పెద్దగా మాట్లాడలేదు. నెమలిని కోసిన సంగతి తెలుసుకుంది, లోకేశ్వరి తిట్లన్నీ లోపలి నుంచి వింది.

బస్టాండులో గుండు గీయించుకుని కొండ దిగివచ్చిన యాత్రికులు ఆగి ఆగి చూశారు. ఒకరిద్దరు ఫోటోలు తీశారు. అమల సంచి పట్టుకుని ముందు నడుస్తోంది. చెంగల్రాయుడు వెనక నడుస్తూ సణుగుతూనే ఉన్నాడు. ఎడమపక్క మూడో ఈకకు కుట్టు వదులుగా పడింది, పట్టీ కొంచెం పైకి బిగించాల్సింది, ఇంకో పూట టైముంటే ఎంత బాగా చేసేవాడినని.

చెన్నై బస్సు కనబడింది. అమల గబగబా నడిచింది. గాలికి ఈకలు ఒక్కసారిగా విచ్చుకున్నాయి. చెంగల్రాయుడు సణగడం మానేశాడు. ఇంతకాలం వేషాలేసిన మనిషి, వేషాన్ని వెనక నుంచి చూడటం ఇదే మొదలు.

అమల ఆగింది. వెనక్కి తిరిగితే దుప్పటి పక్కవాళ్ళకు తగులుతుందని, తిరక్కుండానే అడిగింది.

"ఎనక ఎట్లుండాది నాయనా? నాకు కనపడదు కదా."

చెంగల్రాయుడు కళ్ళు తుడుచుకుని, మామూలుగా కసురుకునే గొంతే తెచ్చుకున్నాడు.

"నువ్వు నడువమ్మా. నేను సూస్తా వస్తాండా," అన్నాడు.