ఏప్రిల్ గెలుపులు, ఐదో నెల పాలు

నా చిన్నప్పుడు, అంటే మూడో తరగతితో నా బడి ఆగిపోయిన ఏడు, మా ఇంట్లో గేదె ఈనింది. జున్ను రోజులు గడిచాక రెండు పూటలా బిందె నిండేలా పాలిచ్చేది. చుట్టుపక్కల వాళ్ళు గిన్నెలు పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చి, రోజూ వాడికగా పోయమని అడిగేవారు. మా నాయనమ్మ ఒక్కరికీ ఒప్పుకునేది కాదు. "మూడో నెల నిండనియ్యండి, అప్పుడు చూద్దాం" అని పంపేసేది. మిగిలిన పాలు తోడుపెట్టి, చిలికి, వెన్న తీసి, నెయ్యి కాచి జాడీలో దాచేది. ఇన్ని పాలు ఇంట్లో పెట్టుకుని మనుషుల్ని తిప్పి పంపుతుందేమిటా అని నాకు తలకొట్టేసినట్టుండేది.

ఈ సంగతి ఇన్నేళ్ళకి గుర్తు రావడానికి కారణం బేస్‌బాల్.

నేను అమెరికాలో, ఆష్‌బర్న్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉంటాను. మా ఆయనా నేనూ కలిసే వచ్చాం. ఆయన ఈ చలికాలంలో పోయారు. ఇక్కడ టీవీలో క్రికెట్ సరిగ్గా రాదని, ఆయన మా మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని బేస్‌బాల్ నేర్చుకున్నారు. మా వైపు జట్టు ఏళ్ళ తరబడి ఓడిపోతూనే ఉంది. కిందటేడు ఆఖరి ఆట కూడా ఓడాక, కళ్ళనీళ్ళు పెట్టుకున్న పిల్ల తల నిమిరి, "వచ్చే ఏడు మనదేనే" అన్నారు. ఆ వచ్చే ఏడు ఆయన చూడలేదు.

ఆ జట్టు ఈసారి మొదలుపెట్టడమే గెలుపుతో మొదలుపెట్టింది. ఏప్రిల్‌లో ఆడిన వాటిలో ఏ ఒకటో రెండో తప్ప అన్నీ గెలిచారు. మనవరాలికి పదేళ్ళు. బడి నుంచి రాగానే తాతయ్య టోపీ నెత్తిన పెట్టుకుని, ఆయన కుర్చీలో కూర్చునేది. ఆ పిల్లకి అది ఆట కాదు. జట్టు గెలిస్తే తాతయ్య మాట నిలబడినట్టు. ఓడితే ఆయన రెండోసారి పోయినట్టు.

నాకు మాత్రం ఏమీ అనిపించేది కాదు. ఆయన పోయినప్పుడు ఏడుపు రాలేదు. ఇప్పుడు ఇల్లంతా చప్పట్లు కొడుతుంటే సంతోషమూ రాలేదు. చాలాసేపు మడిచి కూర్చుంటే కాలు మనది కానట్టు ఉంటుంది చూడండి, ఒళ్ళంతా అలా ఉంది. వండుతున్నాను, గిన్నెలు కడుగుతున్నాను, మనుషులు లేని గదుల్లో లైట్లు ఆర్పుతున్నాను. అంతే.

ఒకరోజు ఆట మధ్యలో పిల్ల నా వైపు తిరిగింది. "అమ్మమ్మా, ఈ ఇయర్ మనం విన్ అవుతాం కదా? తాతయ్య చెప్పాడు కదా?"

"ఇంకా ఏప్రిలే కదమ్మా" అన్నాడు మా అల్లుడు, ల్యాప్‌టాప్‌లోంచి తలెత్తకుండా. "బాల్ వేసేవాళ్ళు టయర్డ్ అయిపోతారు, ఎవడో ఒకడికి దెబ్బ తగుల్తుంది. సీజన్ చాలా లాంగ్."

"నిన్ను అడగలేదు డాడీ. అమ్మమ్మని అడిగా."

నాకు ఆట తెలియదు. బంతి విసిరేవాడు మనవాడో అవతలివాడో కూడా పోల్చుకోలేను. కానీ నాకు బుజ్జగింపులు చేతకావు, అబద్ధం అసలే చేతకాదు. "ఈ ఊపు నిలవదు" అన్నాను.

"యూ ఆర్ సో మీన్, అమ్మమ్మా!" పిల్ల దడదడా మెట్లెక్కి పోయి తలుపేసుకుంది.

"ఎందుకత్తయ్యా, చిన్నపిల్ల దగ్గర" అన్నాడు అల్లుడు.

నేను వంటింట్లోకి వెళ్ళి పాలు పొయ్యిమీద పెట్టి, పొంగిపోకుండా చూస్తూ నిలబడ్డాను. అప్పుడు గుర్తొచ్చింది, మా నాయనమ్మ దగ్గర నేర్చుకున్న దాంట్లో సగమే చెప్పానని.

మా ఇంటికి పాలకోసం వచ్చిన వాళ్ళలో పక్కింటి అక్క లేదు. మొహమాటస్తురాలు, నోరు తెరిచి అడగలేదు. తొలికాన్పు, పసిదానికి తల్లిపాలు చాలేవి కావు. ఆ ఏడుపు గోడ ఇవతలికి వినపడేది. నేనే గోడ మీంచి తొంగి చూసి, రోజూ సోలెడు పాలు పోస్తామని చెప్పేశాను, ఇంటికి పెద్దదాన్నయినట్టు. ఈ మాట తెలిసి నాయనమ్మ తిట్టలేదు. ఇత్తడి సోల నా చేతిలో పెట్టి, "నువ్వన్నావు, నువ్వే పొయ్యి" అంది.

మొదట్లో రోజూ ఆ సోల పట్టుకుని వెళ్ళడం నాకు పెద్ద గొప్పగా ఉండేది. అక్క "నా తల్లే" అని బుగ్గలు పుణికేది. ఎండలు ముదిరి పచ్చిగడ్డి దొరక్కపోయేసరికి గేదె తగ్గింది. ఐదో నెల వచ్చేటప్పటికి బిందె పోయి చెంబయింది. ఒక పొద్దున, సోల నిండా పోస్తే ఇంట్లో తోడుకి మిగలవనిపించి, ముప్పాతిక పాలు పోసి పైన నీళ్ళతో నింపాను. గుమ్మం దాటబోతుంటే నాయనమ్మ ఆపింది. వేలు ముంచి చూసింది. గోటిమీద చుక్క నిలవక జారిపోయింది.

"గేదెపాలు పసిదానికి అరగవని ఆవిడ ఎలాగూ నీళ్ళు కలిపే కాస్తుంది. నువ్వోసారి, ఆవిడోసారి. ఇంక ఆ పిల్ల తాగేదేమిటే?"

అంతే అంది. కొడితే బాగుండుననిపించింది నాకు. ఆ పాలు కుడితిలో పారబోసి, చెంబులోంచి సోల నిండా కొలిచి నా చేతికిచ్చింది. ఆ మధ్యాహ్నం, పొలం నుంచి వచ్చిన మా అమ్మకీ నాన్నకీ ఉన్న కాస్త మజ్జిగా పోసింది. నా కంచంలో లేదు, ఆమె కంచంలోనూ లేదు. జాడీలోంచి నెయ్యి తీసి మా ఇద్దరికీ తలా ఒక బొట్టు వేసింది. పళ్ళులేని నోటితో ఆ అన్నం మెల్లగా నమిలి, నీళ్ళు తాగి, చెయ్యి కడుక్కుంది. గేదె వట్టిపోయేదాకా మా ఇద్దరి భోజనం అలాగే సాగింది. ఆ సంగతి పక్కింటికి తెలియనివ్వలేదు.

పాలు తగ్గుతాయని ఆమెకి మొదటి రోజే తెలుసు. తెలుసు కదాని నన్ను ముందే ఏడిపించలేదు. తగ్గిన రోజున నా పక్కన కూర్చుని తింది.

మే నెలలో జట్టు వరసగా ఓడటం మొదలుపెట్టింది. అల్లుడు చూడటం మానేశాడు. మనవరాలు కిందికి రావడమే మానేసింది. టోపీ కుర్చీ చేతికి తగిలించి ఉండేది, ఎవరూ ముట్టుకునేవారు కాదు. ఒక శనివారం మధ్యాహ్నం ఆట ఉందని తెలుసుకుని, రిమోట్ మీద ఏది నొక్కాలో అమ్మాయిని అడిగి, నేనే టీవీ పెట్టాను. ఊరికే టీవీ నడుస్తుంటే కరెంటు దండగని సాధించే మనిషిని. ఆ చప్పుడుకి పిల్ల మెట్లమీదికి వచ్చి నిలబడింది.

"దే ఆర్ లూజింగ్, అమ్మమ్మా."

"తెలుసు. వచ్చి కూర్చో. వాడెందుకు అలా పడిపోతూ పరిగెత్తుతున్నాడో నాకు చెప్పు."

"పడిపోవట్లేదు, స్లైడ్ చేస్తున్నాడు" అంది విసుగ్గా. విసుక్కుంటూనే వచ్చి నా పక్కన కూర్చుంది. ఆట అయ్యేదాకా ఏదో ఒకటి చెబుతూనే ఉంది. నాకు సగం అర్థం కాలేదు. మావాళ్ళు ఓడిపోయారు. నాకు బాధా కలగలేదు, మరొకటీ కలగలేదు.

"రేపు కూడా గేమ్ ఉంది" అంది పిల్ల, నా మొహం చూడకుండా.

"పెడదాం" అన్నాను.

గేదె వట్టిపోయిన ఆ ఎండాకాలం నుంచి నా దగ్గర మిగిలింది ఇదొక్కటే. మొదట్లో పొంగింది తగ్గుతుంది. తగ్గాక కూడా వేళకి వెళ్ళి కూర్చోవాలి. అందుకు మనసులో ఏదో ఒకటి కదలాలని లేదు. కదిలినా కదలకపోయినా, పిల్లకి పక్కన ఒక మనిషి ఉన్నట్టే.