మా బావ మార్చిన అంకె

మా అక్క మొగుడు, అంటే మా బావ, మౌస్ ముట్టడు. కాలేజీ పరీక్షల విభాగంలో ఆయన బల్ల మీద కంప్యూటరు ఉంది, మౌస్ కూడా ఉంది. దాని మీద చేతిరుమాలు ఆరేసుకుంటాడు. పనంతా నల్ల తెర మీద తెల్ల అక్షరాలతోనే. ఒక కమాండు కొడితే అరవై ప్రశ్నల పేపరు, ఏ ఇద్దరికీ ఒకే వరుస రాకుండా, ఎంతమందికి కావాలంటే అంతమందికి అచ్చవుతుంది. ఇంకో కమాండు కొడితే స్కానరు మింగిన జవాబు పత్రాలకు మార్కులు పడిపోతాయి. మధ్యలో బావ టీ తాగుతాడు.

ప్రశ్నలు మామూలు ఫైల్లో రాసుకుంటాడు. సరైన జవాబు ముందు ప్లస్, తప్పు జవాబుల ముందు మైనస్. అలవాటు ముదిరి ఇంటి సరుకుల చీటీ కూడా అలాగే రాస్తాడు. మా అక్క ఓసారి మైనస్ పెట్టిన సబ్బు కొనుక్కొస్తే కోప్పడలేదు గానీ, దాన్ని చూసినప్పుడల్లా "అది మైనస్ కదా" అనేవాడు. సబ్బు అరిగిపోయేదాకా అన్నాడు.

ఆయన ఉద్యోగంలో ఒకే ఒక్క తప్పు చేశాడని చెప్పుకుంటారు. కొత్తలో జవాబుల వరుస కూడా కలిపెయ్యమని కమాండిచ్చాడు. 'పైవన్నీ' అనే జవాబు కొందరికి మొట్టమొదట పడింది. దానికి పైన ప్రశ్న తప్ప ఏమీ లేదు. విద్యార్థులు గోల చేస్తే, తప్పు నాదేనని రాసి, తాను కొట్టిన కమాండుతో సహా నోటీసు బోర్డుకు అంటించాడు. చదివిన వాళ్లకెవరికీ ముక్క అర్థం కాలేదు. అయినా అప్పట్నుంచి ప్రతి పరీక్షకీ కమాండులన్నీ బోర్డెక్కుతాయి. ఆయన్ని ముక్కుసూటి మనిషంటారు. నాకు ఆ రోజుల్లో ముక్కు ఒక్కటే కనిపించేది.

ఇక నా సంగతి. అదే కాలేజీ డ్రాయింగ్ ల్యాబులో అప్పటికి తొమ్మిదేళ్లుగా టెంపరరీ అసిస్టెంటుని. ఏడాదికోసారి నా ఉద్యోగం పోయేది, వారానికి మళ్లీ వచ్చేది. ఆ వారం మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడేవారు కాదు. అలాంటిది, టెంపరరీ వాళ్లందరికీ ఇక ఏటా పరీక్ష పెడతాం, అరవైకి నలభై వస్తే పర్మనెంటు అని ఆ ఏడు యాజమాన్యం ప్రకటించింది. పరీక్ష తయారీ, దిద్దడం మా బావ.

మా అక్క ముఖం వెలిగిపోయింది. బావ మాత్రం మర్నాడే ప్రిన్సిపాల్‌కి కాగితం పెట్టాడు: అభ్యర్థుల్లో నా భార్య తమ్ముడున్నాడు, ఈ పని ఇంకెవరికైనా అప్పగించండి. ఆ నల్ల తెర ఇంకెవరికీ రాదని ప్రిన్సిపాల్ తిప్పి పంపాడు. ఆ రోజు నుంచి బావ మా ఇంటికి రావడం మానేశాడు. అక్క వస్తే, తిరిగి వెళ్లాక మాతో ఏం మాట్లాడిందో అడిగి తెలుసుకునేవాడట.

పరీక్ష రోజు నా పక్క బల్ల మీద మా కాలేజీ ఆయమ్మ కూర్చుంది. ఆవిడా టెంపరరీయే, పదిహేనేళ్లుగా ఆ కాలేజీ గదులు తుడుస్తోంది. మెట్ల మీద కూర్చుని ఆ పరీక్షకి చదవడం అందరం చూశాం. వయసు దాటిపోతోంది కాబట్టి ఆవిడకి అదే మొదటిసారి, అదే ఆఖరిసారి. నాకింకా రెండేళ్లు గడువుంది. పాపం, పెన్ను తెచ్చుకుంది. గళ్లు పెన్సిల్‌తోనే నింపాలి. కంగారుపడి చుట్టూ చూస్తుంటే, నా జేబులో ఉన్న రెండు పెన్సిళ్లలో ఒకటి తీసి ఇచ్చాను. హాలంతా చూసింది. ఇన్విజిలేటర్ తల కూడా ఊపాడు.

నాలుగో రోజు ఫలితాలు బోర్డు మీద పెట్టారు. నా పేరు పక్కన నలభై. చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు, సరిగ్గా నలభై! అక్కడే నిలబడి అక్కకి ఫోన్ చేశాను. అక్క ఏడ్చింది. నేనూ ఏడ్చాను. కళ్లు తుడుచుకుని కిందికి చూస్తే, జాబితా కింద ఒక కమాండు, ఆ కమాండు కింద ఇంకో జాబితా. పైదానికి 'మొదటిసారి', కిందిదానికి 'ఖరారు' అని రాసుంది. కింద నాకు ముప్పై తొమ్మిది. ఆయమ్మకి పైన ముప్పై ఒకటి, కింద నలభై రెండు. మధ్యలోని కమాండులో మారింది ఒకే ఒక్క అంకె.

ఒక్క ఉదుటున పరీక్షల విభాగంలోకి వెళ్లాను. బావ రుమాలు మడతపెడుతున్నాడు.

"ఏం చేశావు బావా?"

"కూర్చోరా."

"కూర్చోను. ఏం మార్చావు?"

గడి ఎంత నల్లబడితే నింపినట్టు లెక్కో చెప్పే అంకె అది. మొదట సగం అని పెట్టాడు. దిద్దాక, అలవాటు ప్రకారం ఖాళీ అని వచ్చిన గళ్లన్నీ కంటితో చూశాడు. ఆయమ్మ పత్రంలో చివరి గళ్లు నింపి ఉన్నాయి గానీ మరీ పలచగా. యంత్రం వాటిని ఖాళీ కిందే కట్టింది. అంకెని పావుకి దించి అందరివీ మళ్లీ దిద్దాడు. ఆవిడ గళ్లు కనిపించాయి. దాంతోపాటు పదిహేడో ప్రశ్నలో నేను ముందు ఒక గడి నింపి, చెరిపేసి, వేరేది నింపితే మిగిలిన మచ్చ కూడా కనిపించింది. రెండు గుర్తులుంటే సున్నా.

"ఆవిడ ఒక్కదానిదీ చేత్తో దిద్దితే పోయేదిగా?"

"అది దయ అవుతుంది. అంకె మారిస్తే అందరికీ మారాలి."

"పోనీ, నాది చేత్తో దిద్దు. చెరిపానని కనపడుతూనే ఉందిగా!"

"అది చుట్టరికం అవుతుంది. ఆనవాలు లేకుండా చెరపాలని ఏడో సూచనలో రాశాను."

"సగానికీ పావుకీ మధ్య ఇంకే అంకే దొరకలేదా నీకు? ఇద్దరం బతికేవాళ్లం!"

"వెతికానురా." మొదటిసారి ఆయన గొంతు కాస్త తగ్గింది. "రెండు రోజులు వెతికాను. అలాంటి అంకె లేదు. నువ్వు చెరిపింది, ఆవిడ నింపినదానికంటే నల్లగా ఉంది."

హాల్లో అందరూ చూసింది నేను పెన్సిల్ ఇవ్వడం. ఏ పెన్సిల్ ఇచ్చానో ఎవరూ చూడలేదు. నా జేబులో ఒకటి మెత్తటిది, ముట్టుకుంటే నల్లగా పడేది. రెండోది డ్రాయింగ్ ల్యాబులో సన్న గీతలకు వాడే గట్టి పెన్సిల్, ఎంత నొక్కినా బూడిద రంగే. తొమ్మిదేళ్లుగా పెన్సిళ్లతో కాపురం చేస్తున్నవాణ్ణి, ఏది ఏమిటో వేళ్లకే తెలుసు. యంత్రం దిద్దుతుందనీ తెలుసు. నల్లది నాకు ఉంచుకున్నాను. దాన్ని చెరిపితే పోదు.

ఇదంతా బావకి చెప్పాలా వద్దా అని నీళ్లు నములుతుంటే, ఆయన సొరుగు లాగి ఒక పెన్సిల్ బల్ల మీద పెట్టాడు. ల్యాబు ముద్ర ఉంది.

"ఆయమ్మ పరీక్ష రోజే ఇచ్చి వెళ్లింది, నీకివ్వమని. దీంతోనే ఖాళీ పత్రం మీద ఇరవై గళ్లు నింపి, స్కాన్ చేసి చూశాను. అన్నీ కనబడాలంటే పావు దగ్గర పెట్టాలి. అలా వచ్చింది ఆ అంకె."

"నీకు తెలుసన్నమాట."

"పెన్సిల్ సంగతి తెలుసు. మిగతాది నేనడగను."

"ఆవిడకి చెప్పావా?"

"ఏం చెప్పను? 'మీ బామ్మర్దిగారు చల్లగా ఉండాలి, ఆయనే లేకపోతే ఇంటికి పోయేదాన్ని' అని దండం పెట్టింది."

తల తీసేసినట్టయింది. పెన్సిల్ జేబులో పెట్టుకుని బయటికొచ్చాను. అక్క మూడు నెలలు బావతో మాట్లాడలేదు. నేను అక్కకి నిజం చెప్పి ఉంటే మూడు నిమిషాల్లో మాట్లాడేది. చెప్పలేదు. బావా చెప్పలేదు.

మరుసటి ఏడు పరీక్షలో సూచనలకి ఇంకొకటి చేరింది: పెన్సిల్ కార్యాలయమే ఇస్తుంది, అందరికీ ఒకే రకం. నాకు నలభై ఏడు వచ్చాయి. పర్మనెంటయ్యాను.

ఆయమ్మ ఇప్పుడు రికార్డు గదిలో కుర్చీలో కూర్చుంటుంది. ల్యాబుకి ఏ కాగితం కావాలన్నా ఆవిడ దగ్గరికే పోవాలి. పోయిన ప్రతిసారీ లేచి నిలబడుతుంది.

"ఇదంతా మీరిచ్చిన పెన్సిల్ చలవే బాబూ," అంటుంది.

"అదేం లేదమ్మా," అంటాను.

వినయమనుకుని అక్కడున్నవాళ్లకి నా గురించి ఇంకాస్త గొప్పగా చెబుతుంది.