అలుగుకు కట్టిన వల

మా పెరట్లో నిలబడి తలెత్తితే కుంట కట్ట కనిపిస్తుంది. అది ప్రభుత్వానిది కాదు, పంచాయతీది కాదు, మావారి పెదనాన్నగారి సొంతం, నేను మామయ్యగారు అంటాను. ఆయన తండ్రి మామిడితోటకు, కింది వరిపొలానికి నీళ్ళ కోసం మట్టితో కట్టించారట. ఆ కట్ట కిందే మా ఇల్లు. మా పక్కనే తోటలో పనిచేసేవాళ్ళ ఇళ్ళు, వాళ్ళ చిన్న చర్చి. కుంట నిండితే నీళ్ళు మా అందరి కప్పుల కంటే ఎత్తులో ఉంటాయి.

కుంటకు ప్రాణం అలుగు. కట్ట చివర రాళ్ళు పరిచి వదిలిన పల్లం అది. ఎక్కువైన నీళ్ళు అక్కడి నుంచే వాగులోకి పోతాయి. అది మూసుకుపోతే నీళ్ళు కట్ట మీదుగా పొర్లుతాయి, మట్టికట్ట కోసుకుపోవడానికి ఆట్టే సేపు పట్టదు. ఇది అందరికీ తెలుసు. తెలిసి కూడా మామయ్యగారు అలుగుకు అడ్డంగా వల కట్టించారు. కుంటలో చేపపిల్లల్ని వదిలారు, అవి వరదకు పోకూడదట.

"ఆకులు పట్టుకుంటే నీళ్ళెటు పోతాయి మామయ్యా? తీయించెయ్యండి" అన్నాను.

"మా నాన్న కట్టించిన కట్టమ్మాయ్. నువ్వు కాపరానికి రాకముందు నుంచీ ఉంది. దానికేం కాదు."

తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నట్టుంది. ఆ తండ్రి ఏటా కట్ట మీద తుమ్మమొక్కలు పీకించి, పందికొక్కుల బొరియలు పూడ్పించేవారట. ఈయన చేయించింది ఆ ఒక్క వల. నాకు ఒళ్ళు మండింది. మావారితో చెబితే "పెద్దాయన్ని ఏమంటాం" అంటూ అన్నం కలుపుకున్నారు. ఇంకా మండింది.

ఆ శ్రావణంలో రాత్రి పట్టుకున్న వాన తెల్లారినా వదల్లేదు. మావారు తిరువూరులో ఉండిపోయారు. పక్కింటావిడ తడుస్తూ వచ్చింది.

"ఇంట్లో ఉండమంటారా, పిల్లల్ని తీసుకుని రోడ్డెక్కమంటారా అమ్మా?"

కట్టెక్కి చూశాను. మామిడాకులు, పత్తికట్టె కొట్టుకొచ్చి వలకు దళసరిగా పట్టేశాయి. అలుగు నుంచి సన్నటి ధార పోతోంది, అంతే. కుంటలో నీళ్ళు కట్ట అంచుకు జానెడు దూరం దాకా పెరిగాయి. అందర్నీ రోడ్డెక్కమని కేకేసి, గడ్డికొడవలితో వల తాళ్ళు కోసేశాను. ఆకులూ కట్టెలూ చేపలూ కలిసి ఒక్కసారిగా వాగులో పడ్డాయి.

అప్పుడొచ్చారు మామయ్యగారు, గొడుగు వేసుకుని.

"చేపలన్నీ పోయాయి కదమ్మాయ్."

కింద రోడ్డు మీద నెత్తిన మూటలతో, చంకన పిల్లలతో నిలబడ్డవాళ్ళ వైపు ఆయన చూడనైనా లేదు. "మేం మిగిలాం కదా మామయ్యా" అన్నాను. ఆయన కట్ట దిగి వెళ్ళిపోయారు.

బంధువుల్లో ఇప్పుడు నేను పెద్దాయన్ని లెక్కచెయ్యని కోడల్ని. అననీ. నా కోపం దాని మీద కాదు. నిన్న అలుగు దగ్గరికి వెళ్ళాను. వల లేదు. దాని చోట రాళ్ళకు సిమెంటు వేసి ఇనుప జాలీ బిగించారు. అది కొడవలికి తెగేది కాదు.

పక్కింటావిడ ఆ రోజు కట్టిన మూట ఇంకా విప్పలేదు. విప్పమని నేనూ చెప్పలేదు.