పేరు పలకని అడుగు

అయ్యగారు చెప్పులు గట్టు మీద విడిచి, పంచె మోకాళ్ల పైకి ఎగగట్టి, మడిలోకి దిగారు. ఊడుపులు వేస్తున్న ఆడవాళ్లు నడుములు ఎత్తి చూశారు. మా సంఘంలో పాస్టరుగారు బురదలోకి దిగడం అంతకుముందు ఎవరూ చూడలేదు. ఆయన ఒక నారు కట్ట అందుకుని, ముడి విప్పి, వరసలో మా పెద్దమ్మ పక్కన నిలబడ్డారు.

"పాట ఎత్తండి పెద్దమ్మగారూ" అన్నారు.

పెద్దమ్మ తన చేతిలోని నారు వంక చూసుకుంది. "ఏది ఎత్తమంటారండీ?" అంది.

 ఆయన వంగి మొదటి కుదురు నాటారు. గట్టు మీద నిలబడి చూస్తున్న నాకు ఆ ప్రశ్న బరువు తెలుసు. వచ్చే ఆదివారం సంస్కారపు ఆరాధన. గుళ్లో అందరితో పాటు పెద్దమ్మ కూడా ప్రభువు బల్ల ముందు మోకరించి రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకోగలదా లేదా అన్నది ఆవిడ ఎత్తబోయే పాట మీదే ఉంది.

అవి డెబ్బైల నడిమి సంవత్సరాలు. నేను విజయవాడలో ఒక దినపత్రికలో సబ్ ఎడిటర్ని. గుణదలలో అద్దె గది. సెలవు దొరికితే బందరు కాలువ వెంట వెళ్లే బస్సెక్కి మా అమ్మ పుట్టిన ఊరికి పోయేవాణ్ణి. ఊరికి కాస్త ఎడంగా మా పేట, పేట మొదట్లో పెంకుల గుడి. అమ్మ పోయాక ఆ ఊళ్లో నాకు, అక్కడే మెట్టిన పెద్దమ్మే మిగిలింది. ఆవిడకు రెండు చోట్ల పెద్దరికం ఉండేది. గుళ్లో కీర్తన మొదలుపెట్టేది ఆవిడే. పొలంలో ఊడుపుల పాట ఎత్తేదీ ఆవిడే. తాతల నాడే బాప్తీస్మం తీసుకున్న పేట మాది. అయినా మడిలో దిగితే మాత్రం పాట ఇలా మొదలయ్యేది:

"మడికీ దణ్ణం, మన్నుకూ దణ్ణం, పోలేరమ్మా."

ఊడుపు తెలియనివాళ్లకు ఇది భక్తి పాటలాగే వినిపిస్తుంది. నిజానికి అది పని చెప్పే పాట. మొదటి దణ్ణానికి ఎడమ పక్క కుదుళ్లు, రెండో దణ్ణానికి కుడి పక్క కుదుళ్లు పడేవి. పోలేరమ్మా అనేసరికి వరస పూర్తయి, అందరి కాళ్లూ ఒక్కసారి వెనక్కి పడేవి. ఆ ఒక్క పేరు మీద ముఠా అంతా కదిలేది. పాట మధ్యలో పెద్దమ్మ తన సొంత చరణాలు కలిపేది. కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల నారును లోతుగా గుచ్చుతుంటే "వేలి లోతు చాలునే వదినా, మోచెయ్యి ముంచకే" అని పాటలోనే హెచ్చరించేది. లోతుగా పడ్డ నారు పిలకలు వెయ్యదు. నిండు నెలల మనిషి ఉంటే పాట నెమ్మదించేది. పడమట మబ్బు పడితే జోరందుకునేది. మా ఆఫీసులో అచ్చుకు పేజీ పోయే గంటలో జనాన్ని నడిపించే మనుషుల్ని నేను చూశాను. ఇంత మందిని ఒక్క కసురు లేకుండా నడిపిన మనిషిని మాత్రం పెద్దమ్మనే చూశాను.

ఆ ఎండాకాలంలో మా సంఘానికి కొత్త అయ్యగారు వచ్చారు. వయసులో ఉన్నవారు, ఏటికి అవతలి ఒడ్డు మనిషి. మెత్తటి మాట. కాలువలకు నీళ్లు వదిలాక మొదటి ఊడుపుల రోజున సైకిలు మీద పోతూ పాట విన్నారు. సాయంత్రం పెద్దమ్మ ఇంటికి వచ్చి మంచం మీద కూర్చున్నారు. వారం సెలవు పెట్టి వచ్చిన నేనూ అక్కడే ఉన్నాను.

"మీరు అలవాటుగా పాడతన్నారని నాకు తెలుసండి. కానీ ఆ పేరు నాకు అలవాటు మాట కాదు. మా తాత ఆ తల్లి జాతర్లో వెట్టి చేశాడు. పిలిస్తే పోవాలి, డప్పు కొట్టాలి, విసిరింది ఏరుకుని తినాలి. బాప్తీస్మం తీసుకున్న ఏడు రానని చెప్పాడు. దెబ్బలు తిన్నాడు. ఆ రానన్న మాట మీదే మా ఇల్లు నిలబడిందండి."

 "మా మావగారూ తిన్నాడండి దెబ్బలు" అంది పెద్దమ్మ.

సంఘ పెద్దలు కూర్చుని, పొలంలో ఆ పాట పాడినవాళ్లు మానేదాకా సంస్కారానికి రాకూడదని తీర్మానించారు. అది విని పెద్దమ్మ గుడి అరుగు దగ్గరే అడిగింది. "ఆ ఆపేదేదో నా ఒక్కదానికే ఆపండయ్యా. ఎత్తేది నేను. వాళ్లు అందుకునేవాళ్లు." అలాగేనన్నారు. ప్రభువు బల్ల ఆవిడకు ఎంతో నాకు తెలుసు. సంస్కారపు ఆదివారం నాడు పొద్దుటి నుంచి మంచినీళ్లు కూడా ముట్టదు. ఆవిడ ఆ సంగతి ఎవరికీ గుర్తు చెయ్యలేదు.

మర్నాటి నుంచి పొలంలో కీర్తనలు ఎత్తింది. మా కీర్తనలు కూర్చుని, కళ్లు మూసుకుని, సాగదీసి పాడుకునేవి. చరణం చివర దీర్ఘం తీస్తే ఒకరి చెయ్యి ముందు పడేది, ఒకరి కాలు తరవాత లేచేది. చరణం అయిపోగానే అలవాటు కొద్దీ అందరూ నడుములు ఎత్తి నిలబడేవాళ్లు. పొలం ఆసామి గట్టు మీదికి వచ్చాడు.

"ఏమ్మా, ఊడుపులేస్తన్నారా, ఆరాధన పెట్టుకున్నారా?"

"రెండూనండి. కానుక పళ్లెం పంపమంటారా?" అంది పెద్దమ్మ తోడికోడలు. నోటికి హద్దు లేని మనిషి.

"కానుక సంగతి తరవాత. నా వరసలు చూడు, వాగులాగా వంకర్లు పోతన్నయ్. పైగా మా అమ్మ ఇంట్లో ఒకటే నస. మా పొలంలో ఈ ఏడు అమ్మవారి పేరు పడలేదంట, పైరుకు మంచిది కాదంట."

ఆసామి తల్లి దిగులు ఒకటి, అయ్యగారి తాత దెబ్బలు ఒకటి. ఆ రెండింటి మధ్యన ఉన్నది ఒక్క పేరు.

అయ్యగారికి కబురు వెళ్లింది. ఆయన మొండి మనిషి కాదు. "పాట మానొద్దండి. పేరు మార్చుకోండి, సరిపోద్ది" అన్నారు. అందరికీ బాగుందనిపించింది. పోలేరమ్మా ఉన్న చోట యేసురాజా అన్నారు. తూకం సరిగ్గా కుదిరింది. వరసలు తిన్నగా వచ్చాయి. మధ్యాహ్నం దాకా హాయిగా సాగింది. అన్నాలు తిని మళ్లీ మడిలో దిగాక తోడికోడలు నడుమెత్తింది.

"అక్కా, ఒక్క మాట. ఆయన పేరు అన్నప్పుడల్లా మనం ఎనక్కే పోతన్నాం గదే."

ముందు నవ్వులు. పక్కనున్నావిడ నవ్వలేక బురదలో చతికిలబడింది. తరవాత ఒక్కొక్కరి నవ్వూ ఆగిపోయింది. పెద్దమ్మ మాత్రం మొదటి నుంచీ నవ్వలేదు.

ఆ సాయంత్రం ఆవిడే అయ్యగారింటికి వెళ్లింది. నేను తోడు వెళ్లాను.

"ఆయన పేరు మీద ముందుకు నడవాలని మీరే గదండీ గుళ్లో చెప్తారు. మేం ఆ పేరు పలుకుతా రోజంతా ఎనక్కి అడుగులేత్తన్నాం. తప్పు కాదాండీ?"

అయ్యగారు చిరునవ్వుతో మొదలుపెట్టి, సగంలో ఆగిపోయారు. "ఊడుపు ముందుకు వెయ్యలేమా?" అన్నారు, ఏదో ఒకటి అనాలని.

"ముందుకేత్తే నాటిందాన్ని మనమే తొక్కుతామండి. మీకు తెలీందేముంది."

ఆయనకు తెలుసు. చదువుకు పోకముందు తల్లి వెంట ఊడుపులకు వెళ్లినవారే.  చేతిలో బైబిలు ఉంది గానీ తెరవలేదు. అది నాకు నచ్చింది. జవాబు తెలియనప్పుడు గొంతు పెంచని మనుషులు నా వృత్తిలో నాకు ఎక్కువ తగల్లేదు. చివరికి "రేపు నేనూ పొలానికి వస్తానండి" అన్నారు.

అలా వచ్చి మడిలో దిగారు. ఏది ఎత్తమంటారని పెద్దమ్మ అడిగింది. ఆయన కుదురు నాటారు.

పెద్దమ్మ వంగింది.

"మడికీ దణ్ణం, మన్నుకూ దణ్ణం."

అక్కడ నోరు మూసుకుంది. కాలు మాత్రం వెనక్కి వేసింది. వరసలో ఒకరిద్దరు "పో" అని సగం అని మింగేశారు. రెండోసారి ఎవరూ ఏమీ అనలేదు. పేరు ఉండాల్సిన చోట బురదలోంచి అందరి కాళ్లూ లేచిన చప్పుడు ఒక్కటే వినపడింది. మళ్లీ దణ్ణం, మళ్లీ దణ్ణం, మళ్లీ ఆ చప్పుడు. అయ్యగారి అడుగు ఆలస్యమైంది. కాలు దిగబడిపోయింది.

"అయ్యగారండి, ఎనక్కి" అంది తోడికోడలు.

కాసేపటికి ఆయనకూ కుదిరింది. చేతులకు పాత పని గుర్తుంది, నడుముకే లేదు. మడి చివరికి వచ్చాక రెండు చేతులతో నడుం పట్టుకుని నిలబడ్డారు. ఎదురుగా వరసలు పాపిట తీసినట్టున్నాయి.

"పెద్దమ్మగారూ, దణ్ణం ఎవరికండి?"

"మడికీ మన్నుకీనండి. చెప్పాను గదా."

"తరవాత?"

"తరవాత అడుగేనండి."

శనివారం సాయంత్రం సంఘ పెద్దలు మళ్లీ కూర్చున్నారు. పేరు పలకలేదు కాబట్టి తప్పు లేదని ఒకాయన అన్నాడు. పలక్కపోయినా మనసులో అనుకోవచ్చు గదా అని ఇంకొకాయన. మనసులో అనుకునేదానికి తీర్మానం ఎలా చేస్తామని మూడో ఆయన. దీపం వెలుతురులో అయ్యగారు తన అరచేతుల మీద నారు కోసిన గీతలు చూసుకుంటూ కూర్చున్నారు. విషయం వచ్చే సమావేశానికి వాయిదా వేశారు.

ఆదివారం పెద్దమ్మ తెల్లచీర కట్టుకుని వచ్చి, గుడిలో చివరన గోడ పక్కన కూర్చుంది. వరస తరవాత వరస వెళ్లి బల్ల ముందు మోకరించి వచ్చాయి. ఆవిడ లేవలేదు. అందరూ అయిపోయాక అయ్యగారు పళ్లెం బల్ల మీద పెట్టకుండా పట్టుకునే నిలబడ్డారు. అందరూ వెనక్కి తిరిగి చూశారు.

"నా సంగతి ఇంకా తేల్లేదు గదండీ" అంది పెద్దమ్మ, కూర్చున్న చోటి నుంచే.

"తేలేదాకా ఆకలితో ఉంటారా?" అన్నారు అయ్యగారు.

ఆవిడ లేచి నెమ్మదిగా ముందుకు నడిచింది. పెద్దలు ముగ్గురూ ముందు వరసలోనే ఉన్నారు. ఒకాయన తల వంచుకున్నాడు. మిగిలిన ఇద్దరూ కాళ్లు పక్కకు జరిపి దారి ఇచ్చారు.

నేను సోమవారం ఆఫీసుకు వచ్చి ఎప్పటిలాగే ఢిల్లీ వార్తలు దిద్దుకున్నాను. ఇది వార్తగా రాయాలని నాకు తోచలేదు. రాస్తే శీర్షికలో ఎవరో ఒకరు గెలవాలి. ఆ పేటలో ఎవరూ గెలవాలనుకోలేదు. తాత దెబ్బల్ని మరిచిపోకుండానే మడిలో దిగిన మనిషినీ, పేరు వదులుకుని అడుగు నిలుపుకున్న మనిషినీ నేను ఒకే వారంలో చూశాను.

ఆ మరుసటి సంవత్సరం గుణదల మేరీమాత తిరునాళ్లకు పెద్దమ్మ నా గదికి వచ్చింది. మాది క్యాథలిక్ శాఖ కాకపోయినా జనాన్ని చూడటం ఆవిడకు ఇష్టం. కొండ మెట్ల పక్కన బొట్టు పెట్టుకున్న ఆడవాళ్లు కొబ్బరికాయలు కొట్టి, పెదాలు మాత్రం కదుపుతూ మొక్కుకుంటున్నారు. పెద్దమ్మ వాళ్లను చాలాసేపు చూసింది. నాకు అడగాలనిపించింది.

"పాటలో ఆ ఖాళీ దగ్గర నువ్వు ఎవర్ని తలుచుకుంటావు పెద్దమ్మా?"

"నీ పేపర్లో వెయ్యడానికా?" అని బఠాణీల పొట్లం నా చేతిలో పెట్టింది.

ఆసామి తల్లి మాత్రం బతికి ఉన్నంతకాలం ఆ ఖాళీలో అమ్మవారి పేరే వినపడుతోందని చెప్పేది. అయ్యగారు వేరే ఊరికి బదిలీ అయ్యారు. పెద్దమ్మ పోయింది. ఇప్పుడు కోతల పండుగ నాడు గుళ్లో మైకు ముందు కుర్రపిల్లలు ఆ పాట పాడుతున్నారు. ఖాళీ దగ్గర వాళ్లు సరిగ్గానే ఆగుతారు. ఎందుకు ఆగాలో వాళ్లకు తెలియదు. వెనక కూర్చున్న ముసలివాళ్లలో ఒకరిద్దరి కాళ్లు ఆ చోట కొద్దిగా వెనక్కి జరగడం నేను చూశాను.

వాయిదా వేసిన విషయాన్ని సంఘ పెద్దలు మళ్లీ ఎత్తలేదు. పేరు పలకని ఆ పాట పాడవచ్చని గానీ, కూడదని గానీ ఇంతవరకు తీర్మానం కాలేదు.