లుక్‌కూ సీకీ నడుమ యోబు

యోబుకు ఒక ఇంగ్లీషు మాట దొరికితే చాలదు. దాని తోడబుట్టినదాన్ని కూడా లాక్కొచ్చి పక్కన నిలబెట్టి, రెండింటికీ తేడా చెప్పేదాకా ఎదుటివాణ్ని వదలడు. పాదిరి దొర బంగళాలో వంట చేసి సంపాదించుకున్న ఆస్తి అదొక్కటే. ఇబ్రహీంపట్నంలో అందరూ ఆయన్ను తప్పించుకు తిరిగేవారు. పొరుగింటి జంగమ్మకు ఆ వీలు లేదు.

"యోబన్నా, మా బర్రెను చూసినవా?"

"లుక్కా, సీయా?"

"బర్రె, అన్నా!"

"కావాలని కండ్లు పెట్టి చూస్తే లుక్. ఊకెనే కంట్ల పడితే సీ. నేను లుక్ చెయ్యలే. సీ అయింది."

"ఏడ సీ అయింది?"

"నీ పెరట్లనే. సొరతీగ మేస్తున్నది."

అప్పటికి తీగ సగం బర్రె కడుపులో ఉంది.

ఒకసారి ఊరి కుర్రాడు కొండల్ పెళ్లిచూపులకు యోబు పెద్దమనిషిగా వెళ్లి, "పిల్లను లుక్ చేసినవా, సీ చేసినవా?" అని గట్టిగా అడిగాడు. అదేదో బూతనుకుని పిల్ల తండ్రి కర్ర అందుకున్నాడు.

ఎవరి నోటైనా ఆ అర్థాలు తారుమారైతే మాత్రం యోబుకు ఆ పూట ముద్ద దిగదు. భార్య మరియ కావాలనే తిప్పి చెప్పి, ఆయన భాగం చేపల పులుసు కూడా తినేసేది.

పోలీసు చర్య జరిగింది. రజాకార్ల పీడ వదిలిందని ఊరు ఊపిరి పీల్చుకున్న కొన్నాళ్లకే, సంఘపోళ్లను, అంటే కమ్యూనిస్టులను, వెతుక్కుంటూ మిలిటరీ దిగింది. జంగమ్మ తమ్ముడు బుగ్గయ్య సంఘంలో మనిషి. ఆ పొద్దున వెనకింట్లో, వడ్లు పోసే గుమ్మిలో ముడుచుకుని ఉన్నాడు. దొరికితే కాల్చేస్తారని ఊళ్లో చెప్పుకుంటున్నారు.

ఆఫీసరుకు తెలుగు రాదు. ఇంగ్లీషు తెలిసినవాడని యోబును దుబాసీగా ముందు పెట్టుకుని జంగమ్మ వాకిట్లోకి వచ్చాడు. లోపలికి చెయ్యి చూపి సిపాయిలతో "లుక్!" అన్నాడు.

యోబు అడ్డంగా నిలబడి ఇంగ్లీషు అందుకున్నాడు. జంగమ్మకు ఏడుపొచ్చింది. 'ఇప్పుడా అన్నా, నీ పంచాయితీ!'

యోబు రెండు వేళ్లు కళ్లకు గురిపెట్టి "సీ" అన్నాడు. ఊరికే తల అటు తిప్పి "లుక్" అన్నాడు.

జంగమ్మ ఉలిక్కిపడింది. ఇన్నేళ్లు చెవిలో ఇల్లు కట్టుకుని పోరిన మనిషి, తిరగేసి చెబుతున్నాడు!

"నో!" అన్నాడు ఆఫీసరు. కాలేజీ చదువు చదివినవాడిలా ఉన్నాడు, ముఖం ఎర్రబడింది. యోబు ఒప్పుకోలేదు. ఆఫీసరు టోపీ తీసి చంకలో పెట్టుకుని, ఒక సిపాయిని కోడిపెట్ట ముందు కూర్చోబెట్టి, రెప్ప వేయకుండా చూడమని "లుక్! లుక్!" అని అరిచాడు. కోడి బెదిరింది. సిపాయిలూ, వాకిట్లో మూగిన ఊరి జనమూ నవ్వారు. పెరటి కాపలా సిపాయి కూడా తమాషా చూడ్డానికి ముందుకొచ్చేశాడు.

జంగమ్మ మెల్లగా వెనక్కి జరిగి గుమ్మి మీద తట్టింది. బుగ్గయ్య గోడ దూకి జొన్నచేలో పడ్డాడు.

ఆమె తిరిగొచ్చి గడపలో కూర్చునేసరికి, యోబు చెంపలేసుకుని ఓడిపోయానన్నాడు. గెలిచిన ఆఫీసరు ఆయన భుజం తట్టి, సంతోషంగా ఇల్లంతా వెతికించాడు. గుమ్మిలో వడ్లే ఉన్నాయి.

మర్నాటికి మిలిటరీ పెద్ద అంబర్‌పేట దిక్కు వెళ్లిపోయింది. జంగమ్మ యోబు కాళ్లకు వంగబోయింది.

"నా తమ్ముని పాణం నిలబెట్టినవ్ అన్నా."

"గది సరే గని," అన్నాడు యోబు. రాత్రి తిండి లేక ముఖం పీక్కుపోయింది. "నిన్న నీ వాకిట్ల మస్తు మంది ఉండిరి. అందరు తప్పు నేర్చుకొని పోయిండ్రు. జర ఎవరెవరో చెప్పు, ఇంటింటికి పోయి సరిజేసొస్త."

జంగమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని లేచింది.

"పా అన్నా. ముందుగాల యాదయ్య ఇంటికి. తలుపేసుకున్నడనుకో, నేను తన్నుత."